పసుపు కవర్లు, ఎర్ర హంసలు

1959 ఫిబ్రవరి 15, ఆదివారం

ఈ డైరీ పట్టు అమ్మే షావుకారు నాయనకిచ్చాడు. నాయనకు రాసేదేమీ లేదట. నాకుంది. జనవరి పేజీలు మాత్రం ఇందులో ఉండవు. అవన్నీ చించి ఇవాళే కవర్లు చేసేశాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మహిళా మండలికి హిందూపురం నుంచి శ్యామలమ్మక్క వచ్చింది, చేతిపనులు నేర్పే టీచరు. మళ్ళీ బుట్టలు అల్లమంటుందేమోనని విసుగ్గా కూర్చున్నా. ఆమె ఒక తెల్లకాగితం తీసి, మూలలు లోపలికి మడిచి, కత్తెర రెండుసార్లు ఆడించింది. కవర్! పోస్టాఫీసులో కొనేదానికంటే బాగుంది. తర్వాత అట్టముక్కతో అరచేతిలో పట్టే పెట్టె చేసింది. మూతకు నాలుగు రేకులు. ఒకదాని కింద ఒకటి దూరి వాటంతటవే మూసుకున్నాయి, గమ్ము చుక్క కూడా అక్కర్లేదు. నాకు నోటమాట రాలేదు. నాకు! అవ్వ వింటే నమ్మదు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి చీకటి పడేదాకా మడుస్తూనే ఉన్నా. పదోదానికి మూలలు కుదిరాయి. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచిందట, నాకు వినపడలేదు.

ఫిబ్రవరి 17

ఇవాళ కవర్లు పదకొండు. పెట్టెలు రెండు. నాయన చూసినవి సున్నా.

మార్చి 1, ఆదివారం

కాగితం కొనడానికి దుడ్లెవరిస్తారు? అందుకే ఇంట్లో దొరికిందల్లా ఎత్తుకుంటున్నాను. పట్టు కట్టలకు చుట్టి వచ్చే నీలం కాగితం, జరీ చుట్టుకొచ్చే అట్టలు, తెగిపోయిన జరీ పోగులు. కవర్ మూతకు జరీ పోగు అతికిస్తే ధర్మవరంలో దానికి సాటి లేదు. నేనే చెప్పుకుంటున్నా, ఇంకెవరు చెబుతారు?

అవ్వ వక్కాకు పెట్టుకోవడానికి ఒక పెట్టె చేసిచ్చాను. ఏమే నీలా, నా గుడ్డసంచి ముప్పై ఏండ్లనుంచి నిక్షేపంగా ఉండాది, ఇప్పుడు వక్కలకు మేడ కట్టిస్తాండావా అని ఎగతాళి చేసింది. పొద్దున చూస్తే వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళందరికీ మూత తెరిచి చూపిస్తోంది. ఈ ఉలిగమ్మ మనవరాలంటే ఏమనుకున్నారు అని కూడా అందట.

మార్చి 13, శుక్రవారం

ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది.

మా మగ్గం సంగతి రాయలేదు కదా. నేను లేకపోతే అది ఆడదు. గొప్ప కాదు, నిజం. మా నాయన సంజీవప్ప నేసేది రెండు రంగుల చీర. ఒళ్ళు ఒక రంగు, అంచులు వేరే రంగు. ఒళ్ళుకు ఒక నాడె, అంచులకు చెరో నాడె; పోగును అటూ ఇటూ మోసుకుపోయే చెక్క అది. కుడి అంచు నాయనది, ఎడమ అంచు నాది. చెరో చివర కూర్చుంటాం. ఒళ్ళు నాడె ఆయన వైపు నుంచి వస్తుంది, దాని పోగును నా అంచు పోగుతో మెలేసి తిప్పి పంపాలి. నా పన్నెండో ఏట ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించి అక్కడ కూర్చోబెట్టారు. ఇప్పుడు పంతొమ్మిది.

ఇవాళ నా బుర్ర కొత్త కవర్ మూత దగ్గరుంది. రేకు గుండ్రంగా కత్తిరిస్తే ఎలా ఉంటుందా అని. చేతులు వాటి పని అవి చేస్తున్నాయనుకున్నా. నాయన నాడె ఆపేశాడు. వంగి చూస్తే జానెడు పొడవున నా అంచు ఒళ్ళును పట్టుకోనే లేదు. మధ్యలో వేలు దూరేంత సందు.

తిట్టి ఉంటే బాగుండేది. కాగితమైతే చించి పారేస్తావు, పట్టు అట్ల కాదు బిడ్డా అన్నాడు. అంతే. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఒక్కో పోగూ విప్పాం. సరిగ్గా అప్పుడే ఎదురింటి లింగప్ప మామ వచ్చాడు. సంజీవప్ప అంచు అతుకు గోరుతో గీరినా దొరకదని ఊరంతా చెప్పుకుంటారే, ఏమైంది అబ్బా అని అడిగాడు. నాయన ఇంకో పోగు విప్పాడు. నాకు మగ్గం గుంతలోకి దిగిపోవాలనిపించింది.

మార్చి 14

ఇవాళ ఒక్క కవర్ కూడా చేయలేదు. చేతులు దురద పెడుతున్నాయి.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఆర్డర్! ఆర్డర్! ఆర్డర్!

శ్యామలమ్మక్క కార్డు రాసింది. కార్డు చదివి ఎగిరితే నెత్తి దూలానికి కొట్టుకుంది. బొప్పి కట్టింది, కట్టనీ.

పెనుకొండలో వేరుశనగ మిల్లు వాళ్ళింట్లో పెళ్ళి. శుభలేఖలు హిందూపురంలో చిన్నస్వామి గారి ప్రెస్సులో అచ్చవుతున్నాయి. నేను అక్కకిచ్చిన కవర్‌నే ఆయనకు శాంపిల్‌గా చూపించిందట. మూడువందల కవర్లు, వంద తాంబూలం పెట్టెలు కావాలట. శుభలేఖ మూలలకు పసుపు పూస్తారు కదా, ఈసారి కవర్ మొత్తం పసుపు రంగులో ఉండాలని పెళ్ళివారి కోరిక. ఇరవై ఐదో తేదీకల్లా అందాలి. కాగితం ప్రెస్సు వాళ్ళే పంపుతారు.

అసలు సంగతి చివర్లో రాసింది. ఇవి బాగుంటే ఆయన ప్రెస్సులో చేతిపనికి వేరే గది పెడతాడట. కార్డులు, కవర్లు, పెట్టెలు. దానికి నన్నే పిలుస్తాడట. అక్క ఇంట్లోనే ఉండొచ్చట.

నాకు పోవాలని ఉంది. రాసేశాను, ఇంక చెరపను.

నాయనకు కవర్ల మాట మాత్రమే చెప్పాను. మగ్గం దిగినాక ఏమన్నా చేసుకో పో అన్నాడు. హిందూపురం పోయే మాట ఎత్తలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

ఇంటికి పచ్చకామెర్లొచ్చాయి. గోడ నుంచి గోడకు తాళ్ళు కట్టి పసుపునీళ్ళలో ముంచిన కాగితాలు ఆరేశాను. ఎండలో వేస్తే రంగు తేలిపోతుంది, నీడలోనే ఆరాలి. నాయన వంగి వంగి నడుస్తున్నాడు. అమ్మ ఒంటికాలి మీద లేచింది. కూరలోకి చిటికెడు పసుపు లేకుండా చేసినావు కదే తల్లీ అని.

మైదా బంక ఉడికించడానికి గిన్నె అడిగితే ఇంకో యుద్ధం. తినే గిన్నెలో బంకా, వాకిట్లోకి పో అంది. సరే, పెరట్లో పట్టు ఉడకబెట్టే గుండిగ ఉంది కదా. దాన్ని ఒకసారి తొలిచి అందులోనే ఉడికించాను. మా అమ్మ లక్ష్మీదేవమ్మ గిన్నెలు ఆమె దగ్గరే భద్రంగా ఉండనీ.

ఏప్రిల్ 14, మంగళవారం, పొద్దున 6 గంటలు

కొంప మునిగింది.

నిన్న మగ్గం దిగాక నలభై కవర్లు అతికించి బరువు పెట్టాను. ఇప్పుడే తీసి చూశాను. బంక తగిలిన చోటల్లా ఎర్రగా మారిపోయింది. పసుపు కవర్ మీద దెబ్బ తగిలి రక్తం కారినట్టు. నలభైకి నలభై! అమ్మ చూసి పెండ్లి కవర్లకు ఇదేం అపశకునమే అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

అదే రోజు, మధ్యాహ్నం

మగ్గం మీద ఏడుస్తూనే నాడె వేశాను. అంచు మాత్రం తప్పలేదు.

అన్నాల దగ్గర అవ్వ గుండిగ తెప్పించి వేలితో గీరింది. అడుగున తెల్లటి పొర. పట్టు ఉడకబెట్టేది సబ్బులో, చాకలి సోడాలో కదా. ఆ సోడా అంతా నా బంకలో కలిసింది. ఎన్నేళ్ళుగా ఆ గుండిగలో పట్టు ఉడకేస్తున్నాను, ఈ మాత్రం తోచలేదు. అవ్వ ఒకటే నవ్వు. పసుపులో సున్నమేస్తే ఎర్రనీళ్ళు కావా, పెండ్లికూతురికి పెండ్లికొడుక్కి దిష్టి తీసేది ఆ నీళ్ళతోనే గదా, అపశకునమంట అపశకునం, మీయమ్మకేం తెలుసు అంది. అమ్మ చారు గరిటె ఠంగుమని పెట్టింది.

అదే రోజు, 4 గంటలు

నాకొకటి తోచింది. 

ఎరుపు ఎక్కడపడితే అక్కడ వస్తే మరక. నాకు కావలసినచోట వస్తే?

చాకలి సోడా నీళ్ళలో కలిపి, వేపపుల్ల కొన నమిలి, దాంతో పసుపు కాగితం మీద గీత గీశాను. నీళ్ళ గీత. ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత ఎర్రగా లేచి వచ్చింది! మామిడి పిందె వేశాను. లేచింది. హంస వేశాను. లేచింది, కానీ బాతులా ఉంది. ఉండనీ! నక్కను తొక్కాను ఇవాళ!

ఏప్రిల్ 15

సోడా మరీ ఎక్కువ వేస్తే గోధుమరంగు. చెంబుడు నీళ్ళకు ఒక చెంచా. బంక వేరే, కొత్త మూకుడులో. ఇది మరిచిపోకూడదు.

ఏప్రిల్ 18, శనివారం

ఎవరు చెబితే నమ్ముతారు? అమ్మ పుల్ల పట్టుకుంది!

పోయిన పసుపు ఎట్లాగూ పోయింది, సక్కగా అన్నా గీయి అని నా చేతిలోంచి లాక్కుంది. ముగ్గులేసే చెయ్యి కదా. పుల్ల ఎత్తకుండా తీగ తిప్పేసింది. నేను ఒకటి గీసేలోపు ఆమె మూడు. నేను పెట్టెలు మడుస్తున్నా, అవ్వ లెక్క తప్పుతూ కట్టలు కడుతోంది.

నాయన కాళ్ళు కడుక్కుని లోపలికి పోతూ ఆగాడు. హంస మెడ అట్ల ఉండదు అన్నాడు. ఎట్లుంటుందో చూపించు అన్నాను, కొంచెం పొగరుగానే. కూర్చున్నాడు. పుల్ల తీసుకున్నాడు. ఆయనకు గుండ్రం గీత రాదు! పోగు మీద పోగు లెక్కపెట్టి నేసే మనిషి, మెడ కూడా మెట్లు మెట్లుగా వేశాడు. మూడు చుక్కలు పైకి, ఒకటి పక్కకి. ముక్కు దగ్గర రెండు. అచ్చంగా చీర అంచులో హంస కాగితం మీదికి నడిచొచ్చింది. నేనూ అమ్మా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఇంక అన్నిటికీ అదే హంస.

ఏడు హంసలు వేసి లేచాడు. నడుం నొప్పి అన్నాడు. ఏడింటినీ నేను విడిగా దాచుకోలేదు, కట్టలోనే కలిపేశాను. అవి పెళ్ళికే పోవాలి.

ఏప్రిల్ 24

మూడువందలు. వంద. అయిపోయాయి. వేళ్ళ సందుల్లో కూడా పసుపే.

ఏప్రిల్ 25, శనివారం

హిందూపురం పోయి వచ్చాం, నాయనా నేనూ. ట్రైనులో మూట నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. పసిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, పక్కాయన చుట్ట వెలిగిస్తే నిప్పురవ్వ పడుతుంది దూరం జరగప్పా అని కసిరాడు. పెనుకొండ కొండ కనపడగానే ఈ ఊరి పెళ్ళికే నా కవర్లు అని అరవాలనిపించింది. అరవలేదు. పక్కనున్న ఆమెకు మాత్రం చెప్పాను.

ప్రెస్సులో ఎంత చప్పుడు! మగ్గం చప్పుడుకు తాళముంటుంది, దీనికి పరుగే. చిన్నస్వామి గారు లావుగా, సగం కన్నడంగా, సగం తెలుగుగా ఉన్నారు. కవర్ తీసుకుని వెలుతురులో పెట్టి చూశారు. శానా చెన్నాగుండాదమ్మా, ఈ అచ్చు బ్లాకు ఎవరు చేసింది, బెంగళూరా అని అడిగారు. వేపపుల్ల అన్నాను. నమ్మలేదు. అక్కడే పుల్ల నమిలి గీసి చూపించాను. మిషన్ తొక్కే వాళ్ళు కూడా పని ఆపి చుట్టూ మూగారు.

అప్పుడు నాయన వైపు తిరిగి ఆయనే చెప్పేశారు. వచ్చే నెలనుంచి అమ్మాయిని పంపించండి, నా బిడ్డల మాదిరి చూసుకుంటాను అని.  నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, చూస్తాములేప్పా అన్నాడు.

చూస్తాము అంటే ఏమిటి? మా ఇంట్లో దానికి అర్థం నాకు తెలుసు. తిరుగు ట్రైనెక్కాం. పెనుకొండ స్టేషన్లో ఉడికించిన వేరుశనగ కాయలు కొనిచ్చాడు. నేను తినలేదు. ధర్మవరం వచ్చేసరికి తినేశాను, ఆకలి.

ఏప్రిల్ 30

ఐదు రోజులు. నాడె వస్తుంది, నాడె పోతుంది. మాట మాత్రం రాదు.

మే 3, ఆదివారం

హిందూపురం పోనా అని అమ్మను అడిగాను. నువ్వు పోతే ఆ పక్క ఎవురు కూర్చుంటారే, నాకు కండ్లు ఆనవు, మీయవ్వ గుంతలో దిగలేదు అంది. నువ్వొకసారి నాయనను అడుగు అని నేనంటే, ఆ మనిషి నోరు తెరిచి వద్దు అంటే నీకు ఇంకా కష్టం గదా, అడగొద్దు అంది. అమ్మ నా పక్షమే. అదే నాకు ఎక్కువ ఏడుపు తెప్పించింది.

మే 5

లింగప్ప మామ కూతురు ఆదెమ్మను నా చోట కూర్చోబెట్టి చూశారు. అడిగింది నేనే. నేను పక్కన నిలబడి ఊపిరి బిగబట్టాను. పాపం, చాలా కష్టపడింది. కానీ ఆమె నాడె ఒక క్షణం ఆలస్యం.  సాయంత్రం ఆమె పోయాక, ఆమె నేసిన బెత్తెడూ నాయన విప్పేశాడు. నేనే ఎదురుగా కూర్చుని విప్పాను.

మే 7

అక్క దగ్గర నుంచి కార్డు. పద్దెనిమిదో తేదీకల్లా రాకపోతే ప్రెస్సాయన వేరే మనిషిని చూసుకుంటాడట.

కోపంతో ఒక పెట్టెను కాలితో తొక్కాను. మళ్ళీ తీసి మూలలు సరిచేశాను. ఆ కార్డు ఇంట్లో ఎవరికీ చూపించలేదు, గూట్లో పెట్టాను. మగ్గానికి కాళ్ళుంటే నాలాగే ఎక్కడికైనా పోవాలనుకునేదేమో. పిచ్చి రాతలు రాస్తున్నాను.

మే 10, ఆదివారం

చీర అయిపోయింది. వంకాయరంగు ఒళ్ళు, ఆవపూరంగు అంచు. కోసి మడత పెట్టేముందు నాయన అతుకు మీద బొటనవేలు ఈ కొసనుంచి ఆ కొసకు నడిపించాడు. ఎక్కడా ఆగలేదు. నాతో ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు, ఇవాళ అన్నాడు. నీ పక్కే ఇంకా సన్నంగా ఉండాది అని.

ఇంత మంచిమాట అని నన్ను కట్టేస్తున్నాడని మండిపడ్డాను. లోపల మాత్రం మురిసిపోయాను. రెండూ నిజమే.

మే 13, బుధవారం

మెల్లగా రాయాలి.

కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతున్నారు. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలేసి కలపాలి, వేల పోగులు. లింగప్ప మామ సాయం వచ్చాడు. నేను వంటపని ముగించి మధ్యాహ్నం వెళ్ళాను, నా వైపు అంచు ఏ రంగో చూద్దామని. చిలకపచ్చ. బాగుంది అనుకున్నా. ఒళ్ళు చూశాను. చిలకపచ్చ. నాయన వైపు అంచు చూశాను. అదీ చిలకపచ్చే.

అంచు పోగులు మరిచిపోయారేమో అనుకున్నా. అడిగాను. నాయన తల ఎత్తకుండా, ఈ తూరి అంతా ఒకటే రంగులే అన్నాడు.

అంతా ఒకటే రంగైతే ఒకటే నాడె. ఈ కొసనుంచి ఆ కొసకు తానే వేసుకుంటాడు. రెండో మనిషి అక్కర్లేదు.

లింగప్ప మామ చెయ్యి ఆగిపోయింది. ఏమబ్బా సంజీవప్పా, నువ్వు ఒంటిరంగు నేస్తావా, నేర్చుకునే పిల్లోళ్ళు నేసేది గదా అది, వీధిలో ఏమనుకుంటారు అన్నాడు. కండ్లు లాగుతాండాయి అబ్బా, ఇంక అతుకులు నాతో కావు అన్నాడు నాయన. అంటూనే వెంట్రుకకంటే సన్నం పోగును ఒక్కసారికే పట్టి మెలేశాడు.

పెరట్లోకి పరుగెత్తాను. గుండిగ పక్కన కూర్చుని ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. అవ్వ వచ్చి దయ్యం పట్టిందా ఏమే అంది. పట్టింది అన్నాను.

సాయంత్రం నాయన చేతులు కడుక్కుంటూ, పద్దెనిమిది సోమవారం గదా, ఎన్నింటికి ట్రైను అని అడిగాడు. ఆ తేదీ నేను గూట్లో దాచిన కార్డులోది. ఎప్పుడు చదివాడో తెలియదు. ఆయన కండ్లు బాగానే ఉన్నాయి.

మే 19, మంగళవారం, హిందూపురం

పొద్దున శ్యామలమ్మక్క భుజం తట్టి లేపింది. ఏమైంది నీలా, నిద్రలో చెయ్యి గాల్లో ఊపుతాండావు అంది.

నాడె వేశాను అక్కా. అవతలనుంచి తిరిగి రాలేదు.